మా పెద్దమ్మ ఇంట్లో అన్నీ నిండుకుంటాయి

మా భ్రమరాంబ పెద్దమ్మ తన అరవై నాలుగేళ్ళ జీవితంలో ఒక్కసారి కూడా 'లేదు' అనలేదు. చూశారా, ఆవిడ గురించి చెప్పబోయి మొదటి వాక్యంలోనే ఆ మాట నేను రెండుసార్లు వాడేశాను. ఆవిడ పక్కనే ఉంటే ఈపాటికి నా నెత్తిన రెండు మొట్టికాయలు పడి ఉండేవి.

బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనడం, దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అనడం, చేతిగాజు చిట్లితే 'పెరిగింది' అనడం అందరిళ్ళలోనూ ఉన్నదే. ఇంట్లో అశుభం పలకకూడదని పెద్దవాళ్ళు పెట్టుకున్న మర్యాద అది. కాని మిగతావాళ్ళు ఆ మర్యాదని బియ్యం దగ్గర మొదలుపెట్టి నూనె దగ్గర ఆపేస్తారు. మా పెద్దమ్మకి ఆపడం తెలియదు. తణుకులో మా ఇంట్లో పప్పులు, సబ్బులు, అగ్గిపుల్లలు, టీవీ రిమోట్‌లో బ్యాటరీలు, అన్నీ నిండుకుంటాయి. మా పెదనాన్నకి నలభయ్యో ఏట జుట్టు నిండుకుంది.

"అది మాత్రం నిజంగానే అయిపోయిందే," అంటారు పెదనాన్న నున్నటి తల తడుముకుంటూ.

"పొద్దున్నే ఆ మాటలేంటండీ. నిండుకుందనండి," అంటుంది పెద్దమ్మ.

ఒకసారి కరెంటాఫీసు నుంచి ఒకాయన పెదనాన్న సంతకం కోసం వచ్చాడు.

"వీరభద్రం గారున్నారాండి?"

"నిక్షేపంలా ఉన్నారు బాబూ. కూర్చోండి," అని పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. గంట గడిచింది.

"అమ్మా, ఉన్నారన్నారు కదండి?"

"ఉన్నారండి. ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు," అని ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చింది. ఇంకో గంట గడిచింది. మూడో గ్లాసు సగం తాగాక ఆయనకి అనుమానం వచ్చింది.

"ఉన్నారు సరేనండి. ఎక్కడున్నారండి?"

"రాజమండ్రిలో. ఎల్లుండి వస్తారు."

కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని ఇంట్లో లేడని ఎలా అనడం? ఇదీ ఆవిడ వాదన. ఆ తరవాత ఆ కరెంటాయన ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే నిలబడి, "వీరభద్రం గారు ఏ ఊళ్ళో ఉన్నారండి?" అని అడిగి మరీ లోపలికొచ్చేవాడు.

భోజనాల దగ్గర అయితే ఇంకా ప్రమాదం. ఆవిడ ఇంట్లో మారు వడ్డన అడిగేవాడికి ఓపిక కావాలి. మా ఏలూరు బాబాయి ఒకసారి మొహమాటపడుతూనే అడిగాడు. "వదినా, బీరకాయ కూర ఇంకాస్త ఉందా?"

"ఉంది మరిదీ, లోపలుంది. ఒక్క క్షణం."

లోపలంటే వంటింట్లో అనుకున్నాడు పాపం. పెరట్లో, పందిరి మీద ఉంది. పెద్దమ్మ గడకర్ర పట్టుకెళ్ళి రెండు కాయలు దింపి, చెక్కు తీసి, తరిగి, పోపులో వేసి తెచ్చేసరికి బాబాయి చెయ్యి ఎండిపోయి విస్తట్లో మెతుకులు అంటుకుపోయాయి. అయినా ఆవిడ ఉందన్న మాట నిజమే అయింది. ఆ పూట బాబాయి ఆ కూరతో రెండోసారి మొత్తం భోజనం చేశాడు.

ఇక నా సంగతి. నేను ఆవిడ చెల్లెలి కొడుకుని, పేరు సూరి. ఇంటర్ చదవడానికి తణుకు వచ్చి పెద్దమ్మ ఇంట్లో దిగాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. లెక్కల్లో తప్పినప్పుడు ఆవిడ వీధిలో అందరికీ, "మావాడు లెక్కలు ఇంకా రాస్తున్నాడండి, వాడికి ఆ సబ్జెక్టంటే అంత ఇష్టం," అని చెప్పింది. ఏదో డిగ్రీ అయిందనిపించాక, ఉద్యోగం సంగతి ఎవరడిగినా ఆవిడది ఒకటే జవాబు. "దారిలో ఉందండి."

"మూడేళ్ళ నించి దారిలో ఉందంటే కొవ్వూరు వంతెన మీద ఆగిపోయుంటుంది," అనేవారు పెదనాన్న. "ఓసారి వెళ్ళి తోసి రారా."

నాకు ఆయన మాట కంటే ఆవిడ మాటకే ఎక్కువ ఒళ్ళు మండేది. పరువు కోసం ఊరందరికీ అబద్ధం చెబుతోందనుకునేవాణ్ణి.

ఇలాంటి ఇంటికి కోడలిగా బెంగాల్లోని బర్దమాన్ నుంచి మౌసుమి వచ్చింది. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య ఫణీంద్ర బ్యాంకు ఉద్యోగంలో అక్కడ నాలుగేళ్ళుండి, ఆ అమ్మాయిని చేసుకుని, బదిలీ మీద తణుకు వచ్చాడు. మౌసుమి తెలివైనది, పట్టుదల మనిషి. వస్తూనే ఒక చిన్న తెలుగు నిఘంటువూ, ఒక నోటుపుస్తకమూ కొనుక్కుని, విన్న ప్రతి మాటకీ అర్థం రాసుకోవడం మొదలుపెట్టింది. తెలుగు నేర్చుకోవడానికి అది మంచి పద్ధతే. మా పెద్దమ్మ దగ్గర నేర్చుకోవడానికి మాత్రం కాదు.

మొదటి వారంలోనే ఒక సాయంత్రం పెద్దమ్మ దేవుడి గది నుంచి కేకేసింది. "అమ్మాయ్, దీపం కొండెక్కిందమ్మా, కాస్త నూనె తీసుకురా."

మౌసుమి నూనె డబ్బాతో వీధిలోకి పరిగెత్తి, అటూ ఇటూ చూసి నన్నడిగింది. "సూరీ, ఏ కొండ?"

తణుకు చుట్టుపక్కల కనుచూపు మేరలో కొండన్నది ఉంటే కదా చూపించడానికి. ఇంకోసారి ఆ అమ్మాయి చేతిగాజు తలుపుకి కొట్టుకుని చిట్లింది. పెద్దమ్మ చూసి, "అయ్యో, గాజు పెరిగిందమ్మా," అంది. మౌసుమి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, అవతల గదిలోకెళ్ళి టేపుతో మిగిలిన గాజులు కొలిచింది. అవేమీ పెరగలేదు. నోటుపుస్తకంలో 'గాజు' పక్కన ప్రశ్న గుర్తు వేసుకుంది.

ఎవరైనా, "మీ కోడలికి తెలుగు రాదటగా," అంటే మాత్రం పెద్దమ్మ ఊరుకునేది కాదు. "ఎందుకు రాదండీ. దారిలో ఉంది," అనేది. నా ఉద్యోగమూ, మా వదిన తెలుగూ ఒకే బస్సులో వస్తున్నట్టు లెక్క.

ఏడాది గడిచాక మౌసుమి అమ్మానాన్నలు మొదటిసారి కూతుర్ని చూడడానికి బయలుదేరారు. వాళ్ళమ్మ శిప్రా గారికి ఈ పెళ్ళి మొదట్లో ఇష్టం లేదు. భాష రాని చోట, ఎరగని ఇంట్లో పిల్ల ఎలా నెగ్గుకొస్తుందని ఆవిడ బెంగ. అందుకని మౌసుమి ఒక నిర్ణయానికొచ్చింది.

"అత్తయ్యా, ఆదివారం వంట అంతా నేనే. సరుకులు నేనే చూస్తాను. మీరు హాల్లో కుర్చీలో కూర్చోవాలి. వంటింట్లోకి రాకూడదు. మా అమ్మ చూడాలి, నేను ఈ ఇంటి మనిషి అయ్యాను అని."

"అలాగే తల్లీ. కుర్చీ దిగితే ఒట్టు," అంది పెద్దమ్మ. శనివారం రాత్రి భోజనాలయ్యాక మాత్రం గుర్తుచేసింది. "అమ్మాయ్, బియ్యం నిండుకున్నాయి. మర్చిపోకు."

మౌసుమి నిఘంటువు తీసింది. నిండు: పూర్తిగా ఉండుట, వెలితి లేకుండుట. నోటుపుస్తకంలో 'బియ్యం: ఫుల్' అని రాసి, పక్కన టిక్కు పెట్టుకుంది.

ఆదివారం పదకొండింటికి వాళ్ళు దిగారు. శిప్రా గారు సన్నగా, పొడుగ్గా, పరీక్ష హాల్లో తిరిగే పంతులమ్మలా ఉన్నారు. ఆవిడ భర్త ప్రద్యోత్ బాబు రిటైరైన హెడ్మాస్టరు. జేబులో పెన్నూ చిన్న పుస్తకమూ ఉన్నాయి. కూతురికి ఆ నోటుపుస్తకం జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. పెద్దమ్మ మాటిచ్చినట్టే హాల్లో కుర్చీలో కూర్చుంది. వంటింట్లోంచి వాసన వచ్చిన ప్రతిసారీ ముక్కు అటు తిరుగుతోంది కాని మనిషి కదలడం లేదు.

పన్నెండున్నర దాటాక పెరటి తలుపు దగ్గర నుంచి మౌసుమి నన్ను సైగ చేసి పిలిచింది. చేపల పులుసు ఉడుకుతోంది. వంకాయ కూర, పప్పు, అప్పడాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ అమ్మాయి బియ్యం డ్రమ్ము మూత తీసి చూపించింది. అడుగున ఒక కొలత గ్లాసూ, ఓ మూల మహా అయితే పాతిక గింజలూ ఉన్నాయి.

"నిండుకున్నాయి అన్నారు అత్తయ్య. నేను రాసుకున్నాను. ఇదిగో, టిక్కు కూడా పెట్టాను."

నాకు నవ్వు ఆగలేదు. కాని ఆ అమ్మాయి మొహం చూశాక దానంతటదే ఆగిపోయింది. వియ్యాలవారు ఇంటికొచ్చిన రోజు, అందులోనూ అన్నం తప్ప ఇంకోటి భోజనం అనుకోని బెంగాలీలు వచ్చిన రోజు, ఇంట్లో గుప్పెడు బియ్యం లేవు. వాళ్ళమ్మ ఏడాదిగా భయపడుతున్నది సరిగ్గా ఇలాంటిదే.

వీధి గుమ్మంలోంచి వెళితే వాళ్ళకి కనబడతానని పెరటి గోడ దూకి కొట్టుకి పరిగెత్తాను. ఆదివారం మధ్యాహ్నం, అప్పటికే కొట్లన్నీ కట్టేశారు. మళ్ళీ గోడ దూకి వచ్చేసరికి వంటింట్లో పెద్దమ్మ ఉంది. చెంబు తీసుకోడానికని వంక పెట్టుకుని వచ్చిందిట.

"బియ్యం లేవు అత్తయ్యా," అంది మౌసుమి.

పెద్దమ్మ ఉలిక్కిపడింది. బియ్యానికి కాదు, మాటకి. "అదేం మాటమ్మా, వంటింట్లో నిలబడి. ఉన్నదేంటో చూడు. మినప రుబ్బుందా?"

"ఉంది."

"మరింకేం."

"పక్కింట్లో నాలుగు గ్లాసులు బదులు తేనా పెద్దమ్మా?" అన్నాను.

"తెచ్చావంటే కాళ్ళిరగ్గొడతాను. సాయంత్రానికల్లా వీధంతా ఏమంటారు? కోడలు బియ్యం చూసుకోవడం మర్చిపోయిందంటారు. ఆ మాట పుట్టకూడదు. అమ్మాయ్, కళ్ళు తుడుచుకుని మూకుడు పెట్టు."

ముప్పావుగంటలో అంగుళం మందాన, ఎర్రగా కాలిన మినపరొట్టెలు నాలుగు దిగాయి. విస్తళ్ళు వేశాం. అందరూ కూర్చున్నారు. కూరలన్నీ వడ్డించి, మధ్యలో రొట్టె ముక్కలు పెట్టాం. శిప్రా గారు విస్తరి వంక చూసి, కూతురి వంక చూసి, మెల్లిగా, "భాత్?" అన్నారు.

సంగతి తెలియని ఫణి అన్నయ్య నిర్వాకం ఏమిటంటే, దాన్ని గట్టిగా తెలుగులోకి మార్చాడు. "అమ్మా, అత్తగారు అన్నం అడుగుతున్నారు. అన్నం లేదా?"

పెదనాన్న చేతిలో మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశారు. నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన ఎదురుచూస్తున్న క్షణం అది. ఇప్పుడెలా తప్పించుకుంటుందో చూద్దామన్నట్టు భార్య మొహంలోకి చూశారు. వంటింటి గుమ్మంలో మౌసుమి గోడ పట్టుకుని నిలబడింది.

పెద్దమ్మ కొంగు సర్దుకుని చిరునవ్వు నవ్వింది.

"ఇవాళ మా ఇంట్లో అన్నానికి సెలవండి."

"సెలవా?" అన్నాడు అన్నయ్య.

"వియ్యాలవారు మొదటిసారి గడప తొక్కిన రోజున మినపరొట్టె పెట్టాలి. అన్నం రేపు పెట్టాలి. ఇది మన ఇంటి ఆచారం."

"ఎప్పట్నించి?"

"మీ ముత్తాత గారి నాటి నించి."

"మా తాతా?" అన్నారు పెదనాన్న. "ఆయన మూడు పూటలా అన్నమే..."

"మీరు రొట్టె తినండి, చల్లారిపోతోంది," అని ఆయన నోరు తెరిచి ఉండగానే పెద్దమ్మ ఒక ముక్క అందించింది. అన్నయ్య ఇదంతా బెంగాలీలో చెప్పాడు. ప్రద్యోత్ బాబు ఎంతో గౌరవంగా తలాడించి, ఎడం చేత్తో జేబులోంచి పుస్తకం తీసి ఆ ఆచారం రాసుకున్నారు. ముత్తాత గారి పేరు కూడా అడిగారు. చేపల పులుసులో మినపరొట్టె ముంచుకుని మూడు ముక్కలు తిన్నారు. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉంది.

గండం గడిచిందనుకున్నాం. కాని ఒక తల్లి కూతురింటికొచ్చి వంటిల్లు చూడకుండా తిరిగి వెళుతుందా? చేతులు కడుక్కునే నెపంతో శిప్రా గారు లోపలికొచ్చారు. పొయ్యి చూశారు, అటక చూశారు, తిన్నగా వెళ్ళి డ్రమ్ము మూత ఎత్తారు.

నేనూ, పెద్దమ్మా, మౌసుమీ వరసగా నిలబడిపోయాం. ఆవిడ లోపలికి తొంగి చూశారు. కొలత గ్లాసూ పాతిక గింజలూ ఆవిడకీ కనబడ్డాయి. మా పెద్దమ్మ మొహంలోకి ఒకసారి, కూతురి ఎర్రటి కళ్ళలోకి ఒకసారి చూశారు. మూత మెల్లిగా, చప్పుడు కాకుండా పెట్టేసి ఒక్కమాటన్నారు.

"చాల్ బాడంతో."

మౌసుమి ముందు నోరు తెరిచింది. తరవాత రెండు చేతులతో మూసుకుంది.

"ఏమంటున్నారే అమ్మా?" అంది పెద్దమ్మ కంగారుగా.

"అత్తయ్యా, అమ్మ అంటోంది, బియ్యం పెరుగుతున్నాయి అని."

"పెరుగుతున్నాయా?"

"మా ఊళ్ళో బియ్యం అయిపోతే అలా అంటారు. ఆ మాట అనకూడదు కదా, ఇంటికి మంచిది కాదు. అందుకని పెరుగుతున్నాయి అంటారు. మా ఠాకుమా, అంటే నాన్నమ్మ, ఎప్పుడూ..." అంటూ ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే, నిండుకున్నాయి అంటే, అదా?"

"అదేనమ్మా. మనకి గాజులు పెరుగుతాయి, వాళ్ళకి బియ్యం పెరుగుతాయి," అంది పెద్దమ్మ. అని గబగబా రెండడుగులు వేసి శిప్రా గారి చేతులు పట్టేసుకుంది. "ఎంత మంచి మాటన్నారు వదిన గారూ. ముందే తెలిస్తే ఆ ముత్తాత గారిని కష్టపెట్టకపోదును."

శిప్రా గారికి తెలుగు ఒక్క ముక్క తెలియదు. అయినా సర్వం తెలిసినట్టు తలాడించి, బెంగాలీలో చాలాసేపు ఏదో చెప్పారు. పెద్దమ్మకి అదీ ఒక్క ముక్క తెలియదు. ఇద్దరూ వంటింటి గుమ్మం మీద కూర్చుని సాయంత్రం దాకా ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మధ్యలో నేను అటు వెళితే, గాజులూ దీపమూ సైగలతో నడుస్తున్నాయి.

మౌసుమి మాత్రం పెద్దమ్మ కొంగు పట్టుకుని, "నావల్ల ఇంత పనైంది. నాకు తెలుగు రాదత్తయ్యా," అంది.

"ఎవరమ్మా ఆ మాటన్నది? వస్తోంది. దారిలో ఉంది," అంది పెద్దమ్మ ఆ పిల్ల తల నిమురుతూ.

గోడ దూకినప్పుడు గీరుకున్న మోచేతికి పసుపు రాసుకుంటూ అక్కడే ఉన్న నేను ఆ మాట విన్నాను. నా ఉద్యోగం గురించి మూడేళ్ళుగా వింటున్న మాటే అది, అదే గొంతు. ఇన్నాళ్ళూ ఆవిడ ఊరివాళ్ళ కోసం చెబుతోందనుకున్నాను. పక్కనే నిలబడి వింటున్న నా కోసం చెబుతోందని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. నాకు సిగ్గేసింది, వెంటనే ఆవిడ మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది. అడక్కుండానే మర్నాడు పొద్దున్నే పాతిక కిలోల బస్తా మోసుకొచ్చి డ్రమ్ము నింపాను.

నాలుగు రోజుల తరవాత వియ్యాలవారిని రైలెక్కించేటప్పుడు పెద్దమ్మకి కొత్త బెంగ పట్టుకుంది. వాళ్ళు 'వెళ్తాం' అంటారేమోనని. శిప్రా గారు కిటికీలోంచి కూతురి చెంప తట్టి, "ఆశి," అన్నారు.

"'వస్తాం' అంటోంది," అంది మౌసుమి.

"మనవాళ్ళే," అంది పెద్దమ్మ తృప్తిగా.

అన్నానికి సెలవు మాత్రం మా ఇంటితో ఆగలేదు. వీధి చివర సత్తెమ్మ గారింటికి వియ్యాలవారొస్తే ఆవిడ కూడా మినపరొట్టెలు వేసింది. ముత్తాతల నాటి ఆచారాన్ని ఈ కాలం వాళ్ళు మర్చిపోతున్నారని పెదనాన్న దగ్గరే వాపోయింది. ఆయన నోట్లో రొట్టె ముక్క ఏదీ లేకపోయినా ఏమీ అనలేదు.

మొన్న ఒక పేరంటంలో భీమవరం నుంచి వచ్చిన ఒకావిడ నా వంక చూపించి మౌసుమిని అడిగింది. "ఆ అబ్బాయి మీ మరిదా అమ్మా? ఏం చేస్తూంటాడు?"

పెద్దమ్మ నోరు తెరవబోయింది. మౌసుమి ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. నిటారుగా నిలబడి, ఒక్క తప్పు దొర్లకుండా చెప్పింది.

"మా మరిదికి ఉద్యోగం నిండుకుందండి."

"చూశావురా, ఎంత చక్కటి తెలుగో," అని పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

భీమవరం ఆవిడకి అది ఎలా అర్థమైందో నాకు తెలియదు. వారం తిరిగేసరికి నాకు మూడు సంబంధాలు వచ్చాయి. నిండుగా ఉద్యోగం ఉన్న కుర్రాడిని వదులుకోలేమని ఒకాయన ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

"నిజం చెప్పేయండి పెదనాన్నా, నాకు ఉద్యోగం లేదని," అని బతిమాలాను.

నా నెత్తిన మొట్టికాయ పడింది. పెద్దమ్మది కాదు. వెనక్కి తిరిగి చూస్తే మౌసుమి.

"ఆ మాట అనకూడదు సూరీ," అంది. "దారిలో ఉంది."